రెండు రీపర్లు, ఒక టైలర్ టేపు: విశాఖ ఒడ్డును కొలిచే 9వ తరగతి (కేస్ స్టడీ)

వానాకాలం రాగానే విశాఖలో ఏటా వినిపించే మాట: "బీచ్ కోసుకుపోయింది." ఎంత పోయింది, ఏ మెట్టు దగ్గర పోయింది, పోయినేడు ఇదే నెలలో ఎంత ఉండేది అని అడిగితే మాత్రం, మాట అన్నవాళ్ల దగ్గర అంకె ఉండదు. 9వ తరగతికి ఇంతకన్నా మంచి పరిశోధన ప్రశ్న దొరకదు. జవాబు పుస్తకంలో లేదు, గైడులో లేదు, టీచరుకీ తెలియదు. కొలవడానికి కావలసినవేమో రెండు కర్రలు, ఎదురుగా సముద్రం.

తీరానికి నడిచి వెళ్లగలిగే దూరంలో ఒక ఉన్నత పాఠశాల ఉందనుకుందాం. 36 మంది, ఆరుగురేసి 6 జట్లు. జూలైలో మెట్ల మీద పరీక్ష, ఆగస్టు నుంచి మార్చి దాకా నెలకొకసారి, మెట్ల నుంచి నీటి అంచు దాకా ఊహించుకున్న మూడు గీతల మీద ఒడ్డు ఆకారం కొలవాలి. ఒక్కో గీతను రెండేసి జట్లు, ఒకరి అంకెలు మరొకరు చూడకుండా కొలవాలి. ఈ చివరి షరతే మొత్తం పనికి ఇరుసు.

కారణం చెప్పాలంటే మన ల్యాబ్ అలవాట్ల దాకా వెళ్లాలి. ఓమ్ నియమం ప్రయోగంలో గ్రాఫు సరళరేఖ రావాలని పిల్లలకు ముందే తెలుసు. రాకపోతే చుక్కను కాస్త జరిపి గీత మీద కూర్చోబెడతారు. దాన్ని మోసమని వాళ్లు అనుకోరు, రికార్డు "నీట్‌గా" రావడం అనుకుంటారు. ఒడ్డు దగ్గర ఆ సౌకర్యం లేదు. రావలసిన అంకె ఏదో ఎవరికీ తెలియదు కనుక సర్దడానికి వీలుండదు. మిగిలేది ఒక్కటే: మన కొలత ఎంత తప్పవచ్చో ముందు తేల్చుకోవడం. సముద్రాన్ని కొలవడానికి ముందు తమ కొలతను కొలుచుకున్న తరగతే పరిశోధన చేసినట్టు లెక్క. ఆ మెట్టు దాటేస్తే ఇది బీచ్ పిక్నిక్కే.

ప్రశ్నను చిన్నది చేయడం

మొదటి పీరియడులో పిల్లలు అడిగేవి పెద్ద ప్రశ్నలు. సముద్రం ముందుకొస్తోందా? పోర్టు వల్లేనా? తుపాను వస్తే ఏమవుతుంది? ఒక్కటీ వాళ్లు కొలవగలిగేది కాదు. రెండు పీరియడ్లు పోయినా సరే, ప్రశ్నను ఇంత చిన్నది చేయాలి: "ఫలానా మెట్టు నుంచి నీటి అంచు దాకా ఉన్న ఈ గీత మీద ఇసుక ఎత్తు నెల నెలకూ మారుతోందా? మారితే ఎంత?" కారణాల జోలికి డిసెంబరు దాకా వెళ్లకూడదు.

నేపథ్యం టీచరు దగ్గర సిద్ధంగా ఉండాలి. నైరుతి రుతుపవన కాలంలో అలలు దక్షిణం వైపు నుంచి ఏటవాలుగా తాకి ఇసుకను ఉత్తరానికి, అంటే భీమిలి వైపుకు తోస్తాయి. ఈశాన్య కాలంలో దిశ తిరగబడుతుంది. ఏడాది మొత్తమ్మీద ఉత్తరానికి పోయేదే ఎక్కువ. డాల్ఫిన్స్ నోస్ కొండ దగ్గర ఔటర్ హార్బరు (పోర్టు బయటి రేవు) గోడలు ఆ ఇసుక దారికి అడ్డంగా ఉన్నాయి. అక్కడ పేరుకున్నదాన్ని డ్రెడ్జరుతో తోడి ఆర్కే బీచ్ వైపు పోయడం ఎన్నో ఏళ్లుగా నడుస్తున్న పని. పిల్లల దృష్టిలో పడనిది ఇదే. ఒక నెల ఇసుక పెరిగిందంటే సముద్రమే తెచ్చిపెట్టిందని కాదు, డ్రెడ్జరు పైపు కూడా పోసి ఉండవచ్చు. అందుకే నోటుబుక్కులో "ఈ నెల ఇసుక పోశారా? ఎవరు చెప్పారు?" అనే గడి మొదటి రోజు నుంచే ఉండాలి. పెద జాలారిపేట లాంటి చోట్ల వల బాగుచేసుకుంటున్న పెద్దవాళ్లను అడిగితే ఏ వారంలో ఇసుక వచ్చిందో, ఏ వారంలో పోయిందో చెబుతారు. ఆ మాటను సాక్ష్యంగా రాసుకోవాలి, కొలతతో మాత్రం కలపకూడదు.

ఇదే ఒడ్డు మీద 1950ల మొదట్లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు వచ్చిన అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ వాల్తేరు బీచ్ కోత, పూడికల చక్రాన్ని అధ్యయనం చేశారు. ఇక్కడ సగటు సముద్ర మట్టం మార్చి, ఏప్రిల్‌లో బాగా తగ్గి అక్టోబరు, నవంబరులో పెరుగుతుంది. ఇది జనవరిలో చెప్పాల్సిన సంగతి. ముందే చెబితే పిల్లల అంకెలు ఆ వైపే వంగుతాయి.

కర్రలు

పద్ధతి సముద్ర భూగర్భ శాస్త్రవేత్త కె.ఓ. ఎమెరీ 1961లో ప్రచురించినదే. ఒకే పొడవున్న రెండు కర్రలు, వాటి మధ్య అంతే దూరం, కంటికి ఎదురుగా సముద్రం ఆకాశం కలిసే గీత. తూర్పు తీరంలో ఉన్నందుకు ఆ గీత మనకు ఊరికే దొరుకుతుంది.

ఒక్కో జట్టుకు కావలసినవి: 2 అంగుళాలు × 1 అంగుళం చెక్క రీపరు, సరిగ్గా 150 సెం.మీ. ముక్కలు మూడు. పీవీసీ పైపు వద్దు, గాలికి వంగుతుంది. రెండు ముక్కలకు అడుగున 10 × 10 సెం.మీ. ప్లైవుడ్ పాదం మేకులతో బిగించాలి. పాదం మందం రెండింటికీ ఒకటే ఉండాలి. రెండింటికీ ముందు వైపున టైలర్ టేపు అంటించాలి, సున్నా పైన, 150 కింద. టైలర్ టేపు సరిగ్గా 150 సెం.మీ. ఉండటం ఇక్కడ కలిసొచ్చిన సంగతి. కానీ లాగి అంటిస్తే సాగుతుంది. అంటించాక స్టీలు టేపు పక్కన పెట్టి 50, 100, 150 దగ్గర సరిచూడాలి, 2 మిల్లీమీటర్లు మించి తేడా వస్తే పీకి మళ్లీ అంటించాలి. మూడో ముక్క కర్రల మధ్య ఎడం కోసం. ఎమెరీ వాడిన తాడు బదులు ఇది మేలు. నైలాన్ తాడు తడిస్తే సాగుతుంది, పైగా తాడును పిల్లలు నేల వాలు వెంబడే పరుస్తారు. 1:8 వాలు (8 మీటర్లకు 1 మీటరు దిగుడు) మీద అలా పరిస్తే ప్రతి 150 సెం.మీ.కి అడ్డ దూరం 1.2 సెం.మీ. తగ్గుతుంది. 40 అడుగులేస్తే అర మీటరుకు దగ్గర. అడ్డ కర్ర మీద చిన్న స్పిరిట్ లెవెల్ పెట్టి, బుడగ మధ్యకు వచ్చాకే ముందు కర్ర నిలబెట్టాలి. నిలువు కోసం ప్రతి కర్ర పక్కన ఒక దారం, దాని కొనకు నట్టు. దారం కర్ర అంచుకు సమాంతరంగా ఉంటే కర్ర నిటారుగా ఉన్నట్టే. గాలి ఎక్కువున్న రోజు దారం ఊగుతుంది, నట్టును పెద్దది చేయాలి.

వీటితో పాటు తాపీ మేస్త్రీలు మట్టం చూసే సన్నని పారదర్శకమైన పైపు 5 మీటర్లు. చలికాలం ఉదయాల్లో మంచు, పొగ కలిసి సముద్రపు గీత కనబడనప్పుడు అదే దిక్కు. పైపులో గాలి బుడగ ఒక్కటున్నా మట్టం తప్పు చూపుతుంది. నీటిలో చిటికెడు పసుపు కలిపితే బుడగ ఎక్కడుందో కనిపిస్తుంది.

కొలిచే తీరు

వెనక కర్ర, అంటే రోడ్డు వైపుది, ఆనవాలు గుర్తు (ప్రతి నెలా కొలత మొదలుపెట్టే చోట వేసిన రంగు చుక్క) మీద నిలబడుతుంది. ముందు కర్ర నీటి వైపు 150 సెం.మీ. దూరంలో. చూసే విద్యార్థి వెనక కర్ర దగ్గరే ఉండి ఎప్పుడూ సముద్రం వైపే చూస్తాడు. నేల దిగుతుంటే: ముందు కర్ర తల, సముద్రపు గీత ఒకే వరసలో కనిపించేదాకా కన్ను వెనక కర్ర వెంట కిందికి జరపాలి. కన్ను ఆగిన చోట టేపు 14 చూపితే నేల 14 సెం.మీ. దిగింది: −14. నేల ముందుకు ఎక్కుతుంటే, అల తెచ్చిపోసిన గట్టు దగ్గర ఇది జరుగుతుంది: కన్ను వెనక కర్ర తల మీద పెట్టాలి. సముద్రపు గీత ముందు కర్రను తల నుంచి 4 సెం.మీ. కింద తాకితే: +4. ఆ తరవాత వెనక కర్ర ముందు కర్ర పాదం ఉన్న గుంట మీదికే వస్తుంది, ముందు కర్ర ఇంకో 150 సెం.మీ. ముందుకు.

+, − గుర్తు తప్పు రాయడమే అన్నింటికన్నా ఎక్కువగా జరిగే పొరపాటు. గట్టు దగ్గర + బదులు − రాస్తే ఆ తరవాతి బిందువులన్నీ 8 సెం.మీ. దిగిపోతాయి. అందుకని అంకెతో పాటు "దిగింది", "ఎక్కింది" అనే మాట కూడా రాయించాలి. రెండూ పొసగకపోతే అక్కడికక్కడే తెలుస్తుంది.

ఔటర్ హార్బరులోకి వెళ్లడానికి లంగరేసి ఆగిన ఓడలు సముద్రపు గీత మీదే కనిపిస్తాయి. ఓడను గుర్తుగా పట్టుకుని చూడకూడదు, గీతనే చూడాలి. ఓడ దగ్గరగా ఉంటే దాని అడుగు గీతకు కింద ఉంటుంది.

జట్టులో పనులు: ఇద్దరు కర్రలు పట్టుకుంటారు, ఒకరు చూస్తారు, ఒకరు చూసి చెప్పిన అంకెను తిరిగి పలికి రాస్తారు, ఒకరు అడ్డ కర్ర, లెవెల్ చూస్తారు, ఆరో మనిషి కొలతలో చేయి పెట్టకుండా అలల మీదే కన్నేసి ఉంటారు. చూసే మనిషి మారితే కన్ను అలవాటు మారుతుంది కనుక ఒక గీత మధ్యలో మనిషిని మార్చకూడదు.

మెట్ల పరీక్ష

బీచ్ రోడ్డు నుంచి ఇసుకలోకి దిగే మెట్లు ఈ కేసులో అసలైన ప్రయోగశాల. ఒక్కో మెట్టు ఎత్తు స్టీలు టేపుతో కొలిచి కూడితే మొత్తం దిగుడు తెలుస్తుంది. అదే దిగుడును కర్రలతో, సముద్రపు గీత చూస్తూ, ప్రతి జట్టు 5 సార్లు కొలుస్తుంది. తెలిసిన జవాబుకు ఎంత దూరంలో ఉన్నారో, ఐదు సార్లలో ఎంత చెదిరారో, రెండూ రాసుకోవాలి. జూలైలో చేయాల్సిన పని ఇదొక్కటే, ఇసుక మీదికి ఆగస్టులోనే.

ఇక్కడే యాదృచ్ఛిక దోషానికీ క్రమ దోషానికీ తేడా చేత్తో పట్టుకున్నట్టు తెలుస్తుంది. ప్రతి చూపులో 1 సెం.మీ. అటూ ఇటూ తప్పితే, 40 చూపుల తరవాత తప్పు 40 సెం.మీ. కాదు. అటూ ఇటూ కొట్టుకుపోయి 40 వర్గమూలం, అంటే సుమారు 6 సెం.మీ. దగ్గర ఉంటుంది. అదే 1 సెం.మీ. తప్పు ప్రతిసారీ ఒకే వైపు జరిగితే అక్షరాలా 40 సెం.మీ. 9వ తరగతికి సూత్రం అక్కర్లేదు. ఒక రూపాయి బిళ్ల 40 సార్లు ఎగరేసి బొమ్మకు +1, బొరుసుకు −1 కూడమంటే చాలు. 36 మంది చేసి బోర్డు మీద వేస్తే అంకెలన్నీ సున్నా చుట్టూ మూగుతాయి.

ఒకే వైపు తప్పు ఎక్కడి నుంచి వస్తుంది? తడి ఇసుకలో కర్ర దిగడం మొదటిది. రెండు కర్రలూ ఒకేలా దిగితే తప్పు కొట్టుకుపోతుంది. కానీ ముందు కర్ర పట్టుకున్నవాడు దాని మీద ఒరిగి నిలబడితే అదొక్కటే దిగుతుంది, దిగుడు ప్రతిసారీ ఎక్కువ వస్తుంది. పాదాలు కట్టినా, "కర్రను పట్టుకో, దాని మీద ఆనుకోకు" అని ప్రతి నెలా చెప్పాల్సిందే. రెండోది కన్ను: కర్రకు ముఖం ఆనించి చూసేవాడికీ, జానెడు వెనక నుంచి చూసేవాడికీ వేరు అంకెలొస్తాయి.

మూడోది భూమి గుండ్రం కావడం. సముద్రపు గీత నిజమైన అడ్డ మట్టానికి కాస్త కింద ఉంటుంది. కన్ను సముద్రానికి 4 మీటర్ల ఎత్తున ఉంటే ఆ వాలు సుమారు 3.5 కోణీయ నిమిషాలు. 150 సెం.మీ.కి అది ఒకటిన్నర మిల్లీమీటరే, కానీ 60 మీటర్ల గీతకు 6 సెం.మీ. దాకా చేరుతుంది. నీటి వైపు దిగేకొద్దీ కంటి ఎత్తు తగ్గుతుంది కనుక అసలు మొత్తం కొంచెం తక్కువ. ఫలితం: ఒడ్డు ఉన్నదానికన్నా తక్కువ వాలుగా కనిపిస్తుంది. నెలకూ నెలకూ పోల్చేటప్పుడు ఇది దాదాపు రెండు వైపులా ఒకేలా ఉండి పోతుంది, కనుక దిద్దక్కర్లేదు. ఏదైనా ఎత్తును సముద్ర మట్టంతో ముడిపెట్టి చెప్పాలంటే మాత్రం దిద్దాలి. ఏ తప్పును వదిలేయవచ్చో, ఎందుకు వదిలేయవచ్చో రాయడం పిల్లలకు కొత్త. మన రికార్డుల్లో "జాగ్రత్తలు" కింద రాసే "గాజు పరికరాలు జాగ్రత్తగా వాడాలి" లాంటి వాక్యాలకీ దీనికీ పోలికే లేదు. ఆ సముద్రపు గీత ఎంత దూరంలో ఉందని ఎవరో ఒకరు అడుగుతారు. భూమి వ్యాసార్ధం 6,371 కి.మీ., పైథాగరస్ సిద్ధాంతం, 4 మీటర్ల ఎత్తు: 7 కి.మీ. వస్తుంది. లెక్కల టీచరుకు ఆ పీరియడు అప్పగించవచ్చు.

మెట్ల పరీక్ష తరవాత తరగతి ఒక అంకె మీద ఒప్పందానికి రావాలి. 60 మీటర్ల గీతకు 10 సెం.మీ. అనేది ఈ పరికరాలతో అందుకోగలిగేది. కిందికి వెళ్తూ ఒకసారి, పైకి వస్తూ ఒకసారి కొలిచి, బయలుదేరిన గుర్తుకు వచ్చేసరికి తేడా 10 సెం.మీ. దాటితే ఆ రోజు కొలత పక్కన పెట్టాలి, చెరపకూడదు. పెన్నుతోనే రాయాలి, రబ్బరు బ్యాగులోనే ఉండాలి. తప్పు అంకె మీద ఒకే అడ్డగీత కొట్టి, పక్కన కొత్తది, కారణం. మొదటి నెలల్లో పక్కన పెట్టినవే ఎక్కువుంటాయి. ప్రధానోపాధ్యాయుడికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచడం మంచిది, లేకపోతే రెండు నెలలు తిరిగి ఏమీ తేలలేదంటారు.

ఒకే గీత, రెండు జట్లు, రెండు జవాబులు

ఆగస్టు కొలత తరవాత బోర్డు మీద రెండు జట్ల వక్రరేఖలు పక్కపక్కన వేస్తారు. కలవవు. "ఎవరిది కరెక్టు సార్?" అన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ టీచరు జవాబు చెబితే ఏడాది పని ఆ నిమిషంతో అయిపోతుంది. చేయాల్సింది: తేడా మొదటిసారి ఏ బిందువు దగ్గర మొదలైందో వెతికించడం. ఒక్క బిందువు దగ్గర ఉన్నట్టుండి మెట్టులా విడిపోతే అది రాతలో తప్పు, లేదా గుర్తు తారుమారు. మొదటి నుంచీ కొద్దికొద్దిగా దూరం జరిగితే కర్ర దిగడమో, కన్ను అలవాటో. రెండూ కాక అంతటా చెదిరితే చేతి వణుకే. వక్రరేఖల మధ్య తేడా ఆకారాన్ని చూసి కారణం చెప్పగలగడం, ఈ కేసులో పిల్లలకు దక్కే అసలు నైపుణ్యమని నా అంచనా. బీచ్ సంగతి ఆ తరవాతే.

గ్రాఫు కాగితం మీద అడ్డానికి 1 సెం.మీ. = 3 మీటర్లు, నిలువుకు 1 సెం.మీ. = 30 సెం.మీ. వేస్తారు. నిలువు 10 రెట్లు సాగినట్టు, మెల్లగా దిగే ఒడ్డు కొండచరియలా కనిపిస్తుంది. ఒక్కసారైనా రెండు వైపులా ఒకే స్కేలుతో వేయించి ఎంత చదునుగా ఉందో చూపించాలి.

రెండు నెలల మధ్య తేడాను ఇసుక ఘనపరిమాణంగా మార్చడం ట్రెపీజియం లెక్కే. ఉదాహరణకు 50 మీటర్ల మేర సగటున 40 సెం.మీ. తగ్గిందనుకుందాం. తీరం పొడవునా ప్రతి మీటరుకు 20 ఘనపు మీటర్లు పోయినట్టు. కానీ ఎత్తులో మన తప్పు 10 సెం.మీ. అంటే ఘనపరిమాణంలో తప్పు 5 ఘనపు మీటర్ల దాకా. కనుక జవాబు 15 నుంచి 25 మధ్య. తేడా 8 సెం.మీ.యే వచ్చిందా, అప్పుడు రాయాల్సింది "మార్పు లేదు" అని కాదు, "మార్పు ఉందో లేదో మా కర్రలతో చెప్పలేం" అని. ఈ రెండు వాక్యాల మధ్య దూరం పిల్లలకు అర్థమవడానికి అక్టోబరు దాకా పట్టవచ్చు.

ఎవరో ఒకరు ఫోనులో ఉపగ్రహ చిత్రాలు తీసి "ఇదిగో, నీళ్లు 10 మీటర్లు ముందుకొచ్చాయి" అంటారు. విశాఖలో అమావాస్య, పౌర్ణమి రోజుల్లో ఆటుకూ పోటుకూ తేడా ఒకటిన్నర మీటరు లోపే. అయినా 1:10 వాలు మీద నీటి మట్టం 1 మీటరు పెరిగితే అంచు 10 మీటర్లు లోపలికి వస్తుంది. ఫొటో పోటు వేళదా, ఆటు వేళదా తెలియకుండా గీత గీస్తే కొలిచింది ఇసుకను కాదు, గడియారాన్ని.

ఒడ్డు మీద ఎదురయ్యేవి

ఆనవాలు గుర్తు పోవడం అన్నింటికన్నా పెద్ద దెబ్బ. సుందరీకరణ పేరుతో గోడలు, మెట్లు తరచూ కొత్తగా కడుతుంటారు. రంగు చుక్క ఒక్కదాన్నే నమ్ముకుంటే ఏడాది అంకెలు గాలిలో వేలాడతాయి. సర్వేయరు హద్దు రాయికి చేసినట్టు, గుర్తు నుంచి మూడు వేర్వేరు స్థిర వస్తువులకు దూరాలు, ఎత్తు తేడాలు కొలిచి రాసుకోవాలి. మూడూ ఒకే కట్టడంలో భాగాలు కాకూడదు.

కార్తీక పౌర్ణమి, శివరాత్రి స్నానాల మర్నాడు ఇసుకంతా పాదాలే, గుంటలే. రెండు రోజులాగి వెళ్లాలి. నేవీ విన్యాసాల రిహార్సళ్లున్న రోజుల్లో చోటే దొరకదు. బీచ్ శుభ్రం చేసే యంత్రం తిరిగిన చారలుంటే ఆ సంగతి రాయాలి. అల్పపీడనం వస్తే నెలల తరబడి పేరుకున్నది రెండు రోజుల్లో పోవచ్చు కనుక, నెలవారీ తేదీతో పాటు, హెచ్చరికలు పూర్తిగా ఎత్తేశాక అదనంగా ఒక కొలత ఉండాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన ఊరు ఇది. తుపానుకు ముందూ వెనకా ఒకే గీత మీద కొలత ఉంటే దాని విలువ ఎంతో చెప్పనక్కర్లేదు.

కోత పడ్డ చోట నల్ల ఇసుక పొర తేలుతుంది. అల తేలికైన క్వార్ట్జును (సాంద్రత 2.65) లాక్కుపోయి, బరువైన గార్నెట్ (4 దగ్గర), ఇల్మెనైట్ (4.7 దగ్గర) ఖనిజాలను వదిలిపెడుతుంది. ఒక్కో బిందువు దగ్గర "నలుపు, ఎరుపు, తెలుపు" అని రాస్తే చాలు, ఇసుకను బడికి మోసుకురావద్దు.

భద్రత విషయంలో బేరం లేదు. ఇన్‌కాయిస్ (సముద్ర హెచ్చరికలు ఇచ్చే జాతీయ సంస్థ) అలల హెచ్చరిక ఉంటే ఆ రోజు రద్దు. ఆటు వేళకు గంట ముందు మొదలు, తడి ఇసుక అంచు దగ్గర ఆఖరి బిందువు. మోకాలి లోతు మాటే లేదు. ఈ తీరంలో లోపలికి లాగే ప్రవాహాలు ఈత వచ్చినవాళ్లను కూడా మింగాయి. 12 మందికి ఒక పెద్ద మనిషి, తల్లిదండ్రుల సంతకాలు, లైఫ్‌గార్డులకు ముందే కబురు. నౌకాదళ సరిహద్దుల దగ్గర గీత పెట్టవద్దు, డ్రోన్ అసలే వద్దు.

మార్కులు, ఉత్తరాలు

ఎఫ్ఏ (ఫార్మేటివ్ అసెస్‌మెంట్)లో ప్రాజెక్టు పనులకు విడిగా మార్కులుంటే ఈ పనిని అందులోనే చేర్చవచ్చు. కానీ మార్కు దేనికో ముందే గోడ మీద అంటించాలి. ఇసుక పోయిందని తేల్చినందుకు సున్నా. తప్పు ఎంతో అంకెలో చెప్పినందుకు, అవతలి జట్టుతో తేడాకు కారణం చూపినందుకు, పక్కన పెట్టిన కొలతను దాచకుండా అతికించినందుకు మార్కులు.

ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో వాతావరణ, సముద్ర శాస్త్ర విభాగం ఉంది. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం కూడా ఊళ్లోనే ఉంది. "మా బడికొచ్చి ఉపన్యాసం ఇవ్వండి" అని రాస్తే శాలువా, ఫొటో, అంతే. జనవరిలో నాలుగు నెలల గ్రాఫులు, తప్పు అంకె జతచేసి, "మా రెండో గీత మీద నవంబరులో గట్టు 6 మీటర్లు వెనక్కి జరిగినట్టుంది, ఇది కొలతలో తప్పా?" లాంటి ఒక్క ప్రశ్న పంపితే జవాబు రాయడానికి అవతలివాళ్లకు వీలుంటుంది. ఉత్తరం పిల్లలే రాయాలి.

మార్చి ఆఖరున ఒక రిజిస్టరు 8వ తరగతికి చేతులు మారుతుంది. అందులో ఉండాల్సినవి: ఆనవాలు గుర్తులు, సాక్షి దూరాలు (గుర్తు నుంచి మూడు స్థిర వస్తువులకు కొలిచినవి), ఫొటోలు. ప్రతి కొలత తేదీ, వేళ, ఆ రోజు ఆటు వేళ, చూసిన కన్ను ఎవరిది. పక్కన పెట్టిన కొలతలు. ఇసుక పోసిన సంగతులు. కర్రలను నీడలో అడ్డంగా పడుకోబెట్టాలి, గోడకు ఏటవాలుగా ఆనిస్తే వేసవిలో విల్లులా వంగుతాయి. జూన్‌లో బడి తెరిచాక మొదట చేయాల్సింది టేపును స్టీలు టేపుతో మళ్లీ సరిచూడటం, ఆపైన మెట్ల దగ్గరికి.